చవక తరవాత ఏమిటి?

1984లో ఆసియాలో రెండు చోట్ల, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, రెండు ప్రయత్నాలు మొదలయ్యాయి. చైనా తూర్పు తీరంలోని చింగ్‌దావ్ నగరంలో అప్పులపాలైన ఓ ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీని జాంగ్ రుయిమిన్ అనే ముప్ఫై అయిదేళ్ళ అధికారికి అప్పజెప్పారు. హైదరాబాదులో కల్లం అంజిరెడ్డి పాతిక లక్షల రూపాయల మూలధనంతో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పెట్టారు. మరుసటి ఏడు, అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి వచ్చిన గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజాకు పునాది వేశారు. అప్పటికి ఈ మూడింటికీ చేతినిండా డబ్బు లేదు, బయటి ప్రపంచంలో పేరు లేదు. తరవాతి కాలంలో మొదటిది హైయర్‌గా పేరు మార్చుకుని అమెరికాలో జీఈ గృహోపకరణాల వ్యాపారాన్నే కొనేసింది. రెండోది న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో నమోదైంది. మూడోది సీసపు బ్యాటరీల నుంచి లిథియం వైపు మళ్ళే కష్టమైన మలుపులో ఇప్పుడు ఉంది.

వర్ధమాన దేశాల కంపెనీలు ఎందుకు మారతాయి, ఎప్పుడు మారతాయి, మారాక కొత్తది కనిపెట్టగలవా అన్నది మూడు దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. దీనికి వచ్చిన జవాబుల్లో చాలావాటికి ఒకే లోపం ఉంది. అవి మార్పు జరిగిన రోజును చూస్తాయి గానీ, ఆ రోజుకు ముందు జరిగిన పదీ ఇరవై ఏళ్ళ సాధనను చూడవు.

హైయర్ సుత్తి కథే తీసుకుందాం. 1985లో జాంగ్ తన ఫ్యాక్టరీలో లోపాలున్న 76 ఫ్రిజ్‌లను పక్కన పెట్టించి, పనివాళ్ళ చేతే సుత్తులతో పగలగొట్టించారు. అప్పట్లో ఒక ఫ్రిజ్ ధర కార్మికుడి చాలా నెలల జీతం. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఈ ఘట్టం రాని చోటు లేదు. కానీ అదే ఫ్యాక్టరీ అంతకు ముందు ఏడాదే జర్మనీకి చెందిన లీబ్‌హెర్ కంపెనీతో సాంకేతిక ఒప్పందం చేసుకుంది. యంత్రాలు వచ్చాయి, కొలతలు వచ్చాయి, నాణ్యత ప్రమాణాలు వచ్చాయి. మంచి ఫ్రిజ్ ఎలా ఉంటుందో, దాన్ని ఎలా తయారు చేయాలో నేర్చుకునే ఏర్పాటు అప్పటికే జరిగింది కాబట్టే సుత్తి దెబ్బకు అర్థం వచ్చింది. ఆ ఏర్పాటు లేకపోతే మిగిలేది పగిలిన 76 ఫ్రిజ్‌లే.

పండితుల వాదనలను కాస్త తిరగేస్తే, 1997లో హార్వర్డ్‌కు చెందిన తరుణ్ ఖన్నా, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో చదువుకున్న కృష్ణ పాలెపు కలిసి ఒక బలమైన మాట చెప్పారు. ధనిక దేశాల్లో కంపెనీకి బయట దొరికే వసతులు, అంటే నమ్మదగిన కోర్టులు, పెట్టుబడి సంస్థలు, శిక్షణ పొందిన ఉద్యోగులు, సరుకు నాణ్యతకు పూచీపడే సంస్థలు, వర్ధమాన దేశాల్లో సరిగా ఉండవు. ఆ ఖాళీలను కంపెనీలే తమలో తాము పూరించుకోవాలి, అందుకే ఇక్కడ పెద్ద పెద్ద గ్రూపులు పుడతాయి అన్నది వాళ్ళ వాదన. 2004లో సి.కె. ప్రహ్లాద్ పేదలే రేపటి పెద్ద మార్కెట్ అన్నారు. మూడేళ్ళకే అనిల్ కర్నానీ ఆ మాటను ఎండమావి అని కొట్టిపారేశారు. పేదను కొనుగోలుదారుగా చూసేకంటే అతని ఆదాయం పెంచే ఉత్పత్తిదారుగా చూడాలన్నది ఆయన అభ్యంతరం. 2012లో నవీ రాజౌ, మరో ఇద్దరు కలిసి 'జుగాడ్'ను ప్రపంచానికి పరిచయం చేశారు. ఉన్నదానితో సరిపెట్టి పని గడిపే తెలివికి అంత గౌరవం దక్కడం అప్పట్లో మన పత్రికలకు చాలా నచ్చింది. ఖన్నా, పాలెపుల మాట వచ్చిన 1997లోనే కొరియా పండితుడు లిన్సు కిమ్ అనుకరణ నుంచి ఆవిష్కరణకు చేరిన తన దేశపు కంపెనీల గురించి రాశారు. ఈ వరసలో ఎక్కువ కాలం నిలబడే పని ఆయనదే. కాపీ కొట్టడం కూడా ఒక చదువేనని, కాకపోతే ఆ చదువు అక్కడితో ఆపకూడదని ఆయన ఉదాహరణలతో చూపించారు.

ఈ మాటకు హైదరాబాదు కంటే మంచి సాక్ష్యం దొరకదు.

1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థగా అది చివరికి నష్టాల్లో మునిగి ఖాయిలా పడింది. లెక్కల పుస్తకం ప్రకారం అదొక వైఫల్యం. కానీ అక్కడ రియాక్టర్ల దగ్గర నిలబడి రసాయన ప్రక్రియలు నేర్చుకున్న వాళ్ళు బయటికొచ్చి ఊరి చుట్టూ కంపెనీలు పెట్టారు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి కూడా పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి, ఐడీపీఎల్‌లోనే పని నేర్చుకున్నారు. బల్క్ డ్రగ్స్ అంటే హైదరాబాదు అన్న పేరుకు మూలం ఆ ఫ్యాక్టరీయే. లాభనష్టాల పట్టికలో ఎక్కడా కనిపించని ఆస్తి అది.

రెండో ఆధారం చట్టం. బ్రిటిష్ కాలం నాటి పేటెంట్ చట్టం కింద దేశంలో మందుల ధరలు మండిపోయేవి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త పేటెంట్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంట్ ఉండదు, దాన్ని తయారు చేసే పద్ధతికే, అదీ ఏడేళ్ళకు మించకుండా ఉంటుంది. వేరే దారిలో అదే మందును తయారు చేయగలిగితే అమ్ముకోవచ్చు. దాంతో దేశంలోని రసాయన శాస్త్రవేత్తలకు ఒక పెద్ద పరీక్ష ఎదురైంది. ప్రతి కొత్త మందుకూ కొత్త దారి వెతకాలి, అది కూడా చవకగా. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసినవాళ్ళకు ఆ విద్యలో ప్రపంచంలో సాటి లేకుండా పోయింది. 2001లో సిప్లా అధినేత యూసుఫ్ హమీద్ ఎయిడ్స్‌కు మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. అప్పటికి ధనిక దేశాల కంపెనీల ధర పది వేల డాలర్ల పైమాటే. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలను నిలబెట్టిన ఆ ధర వెనక జుగాడ్ లేదు, మూడు దశాబ్దాల రసాయన విద్య ఉంది.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడ్డాక 1970 చట్టం తెరిచిన తలుపు మూసుకుపోతుందని అందరికీ తెలిసిపోయింది. 2005 జనవరి నుంచి మందుకే పేటెంట్ ఇవ్వాలి. మధ్యలో పదేళ్ళ గడువు. ఒకే గడువు, ఒకే ఒత్తిడి ఎదురైనా ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. ఈ ప్రశ్న మీద రాసేవాళ్ళు ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

డాక్టర్ రెడ్డీస్ సొంత మందు కనిపెట్టే సాహసానికి దిగింది. 1993లోనే పరిశోధన సంస్థ పెట్టింది. 1997లో మధుమేహానికి తాను కనిపెట్టిన బాలగ్లిటాజోన్ అనే అణువును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చింది. మన కంపెనీ ఒకటి తన సొంత అణువును విదేశీ కంపెనీకి ఇవ్వడం అదే మొదలు. ఆ వెంట ఇచ్చిన రాగాగ్లిటజార్ మీద ఇంకా పెద్ద ఆశలు పెట్టుకున్నారు. 2002లో ఎలుకల మీద ప్రయోగాల్లో మూత్రాశయపు కణుతులు కనిపించడంతో దాన్ని ఆపేశారు. రెండింటిలో ఏదీ మందుల దుకాణం దాకా రాలేదు. అదే కాలంలో కంపెనీ రెండో కాలు కూడా మోపింది. 2001లో ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జనరిక్‌కు అమెరికాలో 180 రోజుల ప్రత్యేక హక్కు సంపాదించింది. ఆ ఏడే న్యూయార్క్‌లో షేర్లు నమోదు చేసింది. ప్రమాదకరమైన పరిశోధనకు జనరిక్ లాభం దన్నుగా నిలవాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ 2006లో 48 కోట్ల యూరోలు పోసి జర్మనీలో బీటాఫార్మ్‌ను కొన్నాక అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్ల పద్ధతికి మళ్ళాయి. ధరలు కుప్పకూలి, పెట్టుబడిలో పెద్ద భాగాన్ని నష్టం కింద రాసుకోవాల్సి వచ్చింది. కొన్న కంపెనీకి ఉన్న బలం అక్కడి వైద్యులతో ఉన్న పరిచయాలు. టెండర్లొచ్చాక వైద్యుడి మాటకు విలువ తగ్గింది. ఇంకో దేశపు వ్యవస్థను చదవడంలో జరిగే పొరపాటుకు ఎంత ఖరీదు చెల్లించాలో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

అంజిరెడ్డి దగ్గర కొన్నాళ్ళు పనిచేసిన దివి మురళి పూర్తిగా భిన్నమైన దారి ఎంచుకున్నారు. 1990లో మొదలైన దివీస్ పేటెంట్ల మీద యుద్ధం చేయలేదు. కొత్త మందులు కనిపెట్టే పెద్ద కంపెనీలకు కావలసిన రసాయనాలు తయారు చేసి ఇస్తామంది, వాళ్ళతో పోటీకి రామని మాట ఇచ్చింది, ఆ మాట మీద నిలబడింది. చౌటుప్పల్‌లో, ఆ తరవాత భీమిలి దగ్గర చిప్పాడలో ప్లాంట్లు పెట్టి, నాప్రోక్సెన్ వంటి పాత మందుల్లో ప్రపంచంలోనే అతి పెద్ద ఉత్పత్తిదారు అయింది. బయటికి ఇందులో ఆవిష్కరణ కనిపించదు. కానీ ఒక చర్యను తక్కువ మెట్లలో, తక్కువ వ్యర్థంతో పూర్తి చేయడం కూడా ఆవిష్కరణే. 2005 చట్టం ఇతరులకు కష్టకాలమైతే, పేటెంట్లను గౌరవించే సరఫరాదారు కావాలనుకున్న విదేశీ కంపెనీల వల్ల దివీస్‌కు అది కలిసొచ్చింది.

మూడో దారి రాన్‌బాక్సీది. ఒకప్పుడు దేశంలోనే అతి పెద్ద మందుల కంపెనీ. వేగంగా ఎదగాలన్న తపనలో పరీక్షల రికార్డులనే తారుమారు చేసింది. 2008లో జపాన్‌కు చెందిన దైచీ సాంక్యో దాన్ని కొన్నది. 2013లో అమెరికా కోర్టులో రాన్‌బాక్సీ అనుబంధ సంస్థ నేరం ఒప్పుకుని, మొత్తం మీద 50 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. చవకను నిజాయితీ నుంచి విడదీస్తే ఏమవుతుందో దేశమంతా చూసింది.

ఇంకో ఖరీదు కూడా ఉంది, అది కంపెనీలు కట్టనిది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ప్రాంతంలో వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ విపరీతమైన మోతాదులో ఉన్నాయని తేల్చారు. ప్రపంచానికి చవక మందులిచ్చిన ఊళ్ళ చెరువులూ బోర్లూ పాడయ్యాయి. వ్యూహాత్మక మార్పు గురించి రాసే పుస్తకాల్లో ఈ సంగతి రాదు. రావాలి. ధరలో కలవని ఖర్చును ఎవరో ఒకరు మోస్తున్నప్పుడు దాన్ని పొదుపు అనడం తప్పు.

టీకాల విషయానికి వస్తే కథ మరింత ఆసక్తిగా ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన వరప్రసాదరెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. జన్యుసాంకేతికతతో చేసే హెపటైటిస్-బి టీకాను ఇక్కడే తయారు చేయాలన్నది లక్ష్యం. బ్యాంకులు నమ్మలేదు. ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది, హైదరాబాదులోని సీసీఎంబీ ప్రయోగశాలలో చోటు దొరికింది. 1997లో టీకా బయటికి రావడంతో వందల రూపాయలు పలుకుతున్న దిగుమతి టీకాల ధర పదుల్లోకి దిగింది. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ ఆ కంపెనీని సొంతం చేసుకుంది.

భారత్ బయోటెక్ రోటావాక్ చరిత్ర ఇంకా పొడవైనది. పసిపిల్లలకు ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌లో ఒక బలహీన రకాన్ని 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన శిశువుల నుంచి డాక్టర్ ఎం.కె. భాన్ బృందం వేరుచేసింది. దాన్ని టీకాగా మలచడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా పరిశోధన సంస్థలు, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాదు కంపెనీ కలిసి పనిచేశాయి. 6,799 మంది శిశువుల మీద మూడో దశ పరీక్షలు జరిగాయి. మోతాదుకు ఒక డాలరు ధర అని ముందే మాట ఇచ్చిన ఆ టీకా 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలోకి వచ్చింది. ఒక ఆసుపత్రి వార్డులో కనిపించిన వైరస్ పిల్లల నోట్లో చుక్కల మందుగా మారడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. త్రైమాసిక ఫలితాల కోసం నడిచే ఏ కంపెనీ ఒంటరిగా ఇంత కాలం ఆగలేదు. ప్రభుత్వ ప్రయోగశాల, దాత, ప్రైవేటు కంపెనీ ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ పోతేనే ఇది సాధ్యమైంది.

బ్రెజిల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. విమానాలు తయారు చేసే ఎంబ్రేయర్ 1969లో ప్రభుత్వ సంస్థగా పుట్టింది. అంతకు దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1950లో, సావో జోసే దోస్ కంపోస్‌లో వైమానిక సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. అంటే ముందు ఇంజినీర్లు తయారయ్యారు, తరవాత ఫ్యాక్టరీ. 1990ల మొదట్లో కంపెనీ దివాలా అంచుకు చేరింది. 1994 డిసెంబరులో ప్రైవేటు చేతికి వెళ్ళింది. ఆ తరవాత సొంత డబ్బు చాలక, విడిభాగాలు ఇచ్చే విదేశీ కంపెనీలనే ఖర్చులోనూ నష్టభయంలోనూ భాగస్వాములను చేసి 50 సీట్ల ఈఆర్‌జే-145ను నిలబెట్టింది. ఆ తరవాత వచ్చిన ఈ-జెట్లు ప్రపంచమంతా ఎగిరాయి. ఈ విజయాన్ని చాలామంది ప్రైవేటీకరణ ఖాతాలో వేస్తారు. పగ్గాలు మారడం అవసరమే, కానీ పగ్గాలు పట్టినవాళ్ళకు అప్పటికే నలభై ఏళ్ళుగా తయారైన ఇంజినీర్లు దొరికారు. 2020 ఏప్రిల్‌లో బోయింగ్ ఎంబ్రేయర్ విమానాల వ్యాపారంలో పెద్ద వాటా కొనే ఒప్పందాన్ని రద్దు చేసుకుని వెళ్ళిపోయినా ఎంబ్రేయర్ నిలదొక్కుకోవడానికి కారణం కూడా అదే.

చైనా బీవైడీ సంగతి అందరి నోళ్ళలోనూ ఉంది. 1995లో షెన్‌జెన్‌లో వాంగ్ చువాన్‌ఫు దాన్ని ఫోన్ బ్యాటరీల కంపెనీగా మొదలుపెట్టారు. జపాన్ కంపెనీల ఖరీదైన ఆటోమేటిక్ లైన్లు కొనలేక, ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి మనుషుల చేత చేయించారు. మోటరోలా, నోకియా వంటివి ఖాతాదారులయ్యాయి. ఇంతవరకు ఇది చవక కూలి కథే. 2003లో ఆయన మూతపడే స్థితిలో ఉన్న ఓ కార్ల కంపెనీని కొన్నప్పుడు మదుపరులు బెదిరి షేర్లు అమ్ముకున్నారు. మొదటి కార్లు టయోటా కొరొల్లాను చూసి చేసినవే. కానీ బ్యాటరీ పరిశోధన ఆగలేదు. 2008లో వారెన్ బఫెట్ కంపెనీ 23 కోట్ల డాలర్లకు పది శాతం వాటా తీసుకుంది. 2009 నుంచి చైనా ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రాయితీలు ఇచ్చింది, నగరాలు బస్సులు కొన్నాయి. 2020లో బ్లేడ్ బ్యాటరీ వచ్చింది. 2022 మార్చిలో పెట్రోలు మీదే నడిచే కార్ల తయారీ పూర్తిగా ఆపేసింది. 2024లో 42 లక్షలకు పైగా వాహనాలు అమ్మింది. హైదరాబాదు కంపెనీ ఒలెక్ట్రా తయారు చేసే విద్యుత్ బస్సుల సాంకేతికత కూడా బీవైడీదే. అంటే చవక బ్యాటరీలతో మొదలైన కంపెనీ దగ్గర ఇప్పుడు మనం సాంకేతికత తీసుకుంటున్నాం.

ఒక దేశంలో పనిచేసిన ఆవిష్కరణ ఇంకో దేశంలో పనిచేస్తుందన్న భరోసా లేదు. కెన్యాలో ఫోన్ కంపెనీ సఫారీకామ్ 2007 మార్చిలో సెల్‌ఫోన్ ద్వారా డబ్బు చెల్లించే ఎం-పెసా సేవ మొదలుపెట్టింది. నిజానికి చిన్న రుణాల వాయిదాలు కట్టడానికి దాన్ని రూపొందించారు. ప్రయోగ దశలో జనం ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడేస్తున్నారని గమనించి వ్యాపారాన్నే ఆ వైపు తిప్పారు. కేంద్ర బ్యాంకు అడ్డుపడలేదు. చాలామందికి బ్యాంకు ఖాతాలు లేని దేశంలో ఊరూరా ఉన్న చిల్లర దుకాణమే బ్యాంకయింది. అదే ఎం-పెసాను వొడాఫోన్ 2013లో మన దేశానికి తెచ్చి 2019లో మూసేసింది. ఇక్కడి నిబంధనలు వేరు. 2016లో యూపీఐ వచ్చాక పరిస్థితి పూర్తిగా మారింది. ఖన్నా, పాలెపు చెప్పిన ఖాళీని కెన్యాలో ఒక కంపెనీ పూరిస్తే, ఇక్కడ అందరికీ ఉమ్మడిగా వాడుకునే ప్రజా వేదిక పూరించింది. రెండో పద్ధతిలో ఏ ఒక్క కంపెనీకీ గుత్తాధిపత్యం హక్కుగా రాదు, కొత్తవాళ్ళకు తలుపు తెరిచి ఉంటుంది. అందుకే అది మేలైన దారి.

చవకనే గమ్యంగా పెట్టుకున్న ప్రయత్నానికి టాటా నానో పాఠం. 2008లో లక్ష రూపాయల కారుగా ప్రపంచ పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి. ఇంజినీరింగ్‌లో నిజంగానే గొప్ప పని జరిగింది. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూమి గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సనంద్‌కు వెళ్ళాల్సి వచ్చింది. 2018కల్లా తయారీ ఆగిపోయింది. మొదటి కారు కొనే కుటుంబం గౌరవాన్ని కోరుకుంది, 'అన్నిటికన్నా చవక' అన్న ముద్రను కాదు. అదే కంపెనీ 2005లో తెచ్చిన టాటా ఏస్ మాత్రం దుమ్ము రేపింది. ఆ బండికి ముందు దాని బృందం మూడు చక్రాల ఆటో ట్రాలీలు నడిపేవాళ్ళతో మాట్లాడింది, వాళ్ళ బరువులు, వాళ్ళ సందులు, వాళ్ళ సంపాదన తెలుసుకుంది. కూరగాయల మార్కెట్ల నుంచి సిమెంటు కొట్ల దాకా ఇవాళ ఏ ఊళ్ళో చూసినా ఆ బండి కనిపిస్తుంది. పేదవాడు కొనే వస్తువు కంటే పేదవాడి సంపాదన పెంచే వస్తువు మేలన్న కర్నానీ వాదన ఇక్కడ అక్షరాలా నిలిచింది.

ఖాతాదారుడి మాట వినడంలో హైయర్ ఇంకో మెట్టు ఎక్కింది. సిచువాన్ రైతులు బట్టల మిషన్లో చిలగడదుంపలు కడుగుతున్నారని, పైపు మూసుకుపోతోందని 1996లో ఫిర్యాదు వస్తే, అలా వాడకండని చెప్పే బదులు దుంపలు కూడా కడిగే మిషను చేసింది. 2005 నుంచి కంపెనీ నిర్మాణాన్నే విడగొట్టి, దాదాపు నాలుగు వేల చిన్న సొంత వ్యాపార బృందాలుగా మార్చింది. మధ్యస్థాయి మేనేజర్ల కొలువులు దాదాపు 12 వేలు పోయాయి. ఉన్నవాళ్ళలో కొందరు బృంద నాయకులయ్యారు, మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. బృందాలకు నిర్ణయాధికారం దక్కిన మాట నిజమే. దాన్ని మెచ్చుకునేవాళ్ళు కొలువు పోయినవాళ్ళ లెక్కనూ పక్కనే రాయాలి.

గ్రూపుల బలహీనత గురించి తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2008 డిసెంబరులో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం బోర్డు ప్రమోటరు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనాలని నిర్ణయించింది. మదుపరులు తిరగబడటంతో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఖాతాల మోసం బయటపడింది. ఖాళీలను పూరించే గ్రూపు ఖజానాను కూడా ఖాళీ చేయగలదు. స్వతంత్ర డైరెక్టర్లు, ఆడిటర్లు మేలుకుని ఉండని చోట వ్యూహాత్మక మార్పు అన్న మాటను ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు.

ఇక ఇప్పటి మాట. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రపంచానికి మందులిచ్చే దేశం ముడి మందుల కోసం చైనా వైపు చూడాల్సి వచ్చింది. పెన్సిలిన్-జి తయారీ చైనా ధరలకు తట్టుకోలేక మన దగ్గర చాలా ఏళ్ళ కిందే ఆగిపోయింది. అదే ఏడు కేంద్రం ముడి మందుల కోసం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. దాని కింద అరబిందో ఫార్మా కాకినాడ జిల్లాలో ఏటా 15 వేల టన్నుల పెన్సిలిన్-జి ప్లాంటు పెట్టింది. చైనా ధర తగ్గించినప్పుడల్లా ఈ ప్లాంటుకు ఊపిరాడదు. చవకలో వాళ్ళను ఓడించడం కష్టం. కిణ్వన సాంకేతికతలో, సూక్ష్మజీవి రకాలను మెరుగుపరచడంలో ముందుంటే తప్ప దీనికి నిలకడ ఉండదు.

అమరరాజా పరీక్ష కూడా అలాంటిదే. జాన్సన్ కంట్రోల్స్‌తో రెండు దశాబ్దాలు కలిసి నడిచి, 2019లో విడిపోయింది. 2022లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల లిథియం బ్యాటరీల ప్రాజెక్టు ప్రకటించింది. సెల్ సాంకేతికతకు చైనా మూలాలున్న గోషన్ గ్రూపుతో 2024లో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. లైసెన్సు తీసుకోవడంలో తప్పు లేదు. హైయర్ లీబ్‌హెర్ దగ్గర చేసిందీ అదే. కొన్న సాంకేతికతను పదేళ్ళలో దాటిపోయే ప్రయోగశాల సొంతంగా ఉంటుందా అన్నదే చూడాలి.

పరిశోధన లెక్క ఈ దేశంలో బాగోలేదు. 2020-21లో పరిశోధన, అభివృద్ధి మీద భారతదేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. చైనాది రెండున్నర శాతం దాటింది, దక్షిణ కొరియాది అయిదు శాతం దరిదాపుల్లో ఉంది. అంతకంటే బాధ పెట్టే సంగతి ఇంకోటి. ఆ రెండు దేశాల్లో పరిశోధన ఖర్చులో నాలుగింట మూడు వంతులు కంపెనీలే పెడతాయి. మన దగ్గర ప్రైవేటు కంపెనీల వాటా 36 శాతమే. మిగతాదంతా ప్రభుత్వం, విశ్వవిద్యాలయాల మీద పడుతోంది. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు పరిశోధనకు లక్ష కోట్ల రూపాయల నిధిని ఆమోదించింది. డబ్బు దొరకదన్న సాకు ఇక చెల్లదు.

అంజిరెడ్డి 2013 మార్చిలో చనిపోయారు. సొంత మందును బజారులో చూడాలన్న ఆయన కోరిక తీరలేదు. అదే ఏడు జూన్‌లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ కంపెనీ సారోగ్లిటజార్‌కు అనుమతి సాధించింది. ఒక భారతీయ మందుల కంపెనీ తానే కనిపెట్టి, మన దేశంలోనే పరీక్షించి బజారుకు తెచ్చిన తొలి కొత్త రసాయన మందు అదే. అది హైదరాబాదులో ఆగిపోయిన రాగాగ్లిటజార్ కుటుంబానికి చెందినదే. ఒకరు ఓడిపోయిన దారిలో ఇంకొకరు గమ్యం చేరారు. ఆ పరిశోధన మీద పెట్టిన డబ్బు వృథా అయిందని అప్పట్లో అన్నవాళ్ళు ఈ సంగతిని గుర్తు పెట్టుకోవాలి.

హైదరాబాదు, విశాఖ, తిరుపతి కంపెనీల షేర్లు ఇవాళ లక్షల తెలుగు ఇళ్ళలో ఉన్నాయి. వార్షిక నివేదిక చేతికొచ్చినప్పుడు డివిడెండు ఎంతో చూసి పక్కన పెట్టేయకండి. పరిశోధనకు ఎంత పెట్టారు, నిరుటి కంటే పెరిగిందా తగ్గిందా, ఎంతమంది శాస్త్రవేత్తలు చేరారు, వ్యర్థాల శుద్ధికి ఏం చేశారు అన్న నాలుగు ప్రశ్నలు వార్షిక సమావేశంలో అడగండి. వాటాదారులుగా అవి అడిగే హక్కు మీకుంది.